గాలిగోపురం దాకా

కరోనా రాకముందు నేను
అలిపిరి మెట్ల మీద జామకాయలు కోసి
ఉప్పూకారం పూసి అమ్మేవాణ్ణి.
రెండువేల మెట్లు దాటి గాలిగోపురం నీడలో
గంప దించుకుని కూర్చుంటే
ఎక్కొచ్చినోళ్ళంతా నన్నే అడిగేవాళ్ళు,
"అయిపోయినట్టేనా అన్నా?"

వాళ్ళ మోకాళ్ళు చూసి చెప్పేవాణ్ణి,
"అయిపోయినట్టేనమ్మా, ఇంకంతా చదునే."
చదును నిజమే.
జింకల పార్కు దాటినాక
మోకాళ్ళ మెట్టు ఉండాదని మాత్రం చెప్పేవాణ్ణి కాదు.
చెబితే జామకాయ ఎవురు కొంటారు?

ఇప్పుడు నేను కొండెక్కడం లేదు.
పెద్దాసుపత్రిలో స్ట్రెచరు తోస్తాండా.

రాత్రి రెండు గంటలకు
ఆక్సిజన్ ట్యాంకు ప్రహరీ అవతల
సగం షట్టరు దించిన టీ బంకు ముందర
రోజూ ఒకటే పంచాయితీ.

ల్యాబు చెంగల్రాయులు ఫోన్లో గీత చూపిస్తాడు.
"మొన్న నూటికి నలభై, నిన్న ముప్పయ్యేడు,
ఈ పొద్దు ముప్పైమూడు.
కొండ దిగతాండామబ్బా.
వచ్చే శుక్రవారానికి చూడండి నా మాట."
పోయిన శుక్రవారమూ అదే మాట.

దస్తగిరి అంబులెన్సు తలుపుకు ఆనుకుని నవ్వుతాడు.
"కిట్లు అయిపోయి మధ్యాన్నమే కిటికీ మూసేస్తే
నీ నూరు యాడుంది, నీ నలభై యాడుంది?
పాకాల నుంచి, పుత్తూరు నుంచి,
భాకరాపేట ఘాటు దిగి
నేను తెచ్చేవాళ్ళు నీ గీతలో ఉండారా?
నిన్నొకాయన మామిడితోపులో మంచమేసుకుని
పది దినాలు దగ్గినాడంట.
ఏ లెక్కలోనూ లేడు. నా బండిలో ఉన్నాడు."

నర్సు రెజీనా మాస్కు గడ్డం కిందికి లాగి
టీ ఊదుకుంటాది.
ముక్కు మీద మాస్కు కోసిన గాటు.
"ఇద్దరిదీ నిజమే అనుకో.
ఈ పొద్దు అంటుకున్నోడు
నా దగ్గరికి వచ్చేది పదోనాడు.
ఊళ్ళో తగ్గినాక గూడా
నా వార్డులో పెరగతానే ఉంటాది.
కొండ మీద వాన నిలిచినాక కదా
స్వర్ణముఖికి నీళ్ళొచ్చేది."

ఆమె వార్డులో నలభై మంచాలు, అరవైయేడు మంది.
రెండు మంచాల సందులో
దుప్పటి పరుచుకుని ఒక లెక్కల అయివారు.
పైకప్పు ఫ్యానుకు ఎన్ని రెక్కలో
పొద్దుటి నుంచీ తేల్చుకోలేక పోతాండాడు.

గోడకు వరసగా నీళ్ళ సీసాలు,
సీసా పైన గాజు గొట్టం, గొట్టంలో చిన్న గోళీ.
గాలి ఉన్నంతసేపు గోళీ తేలతా ఉంటాది.
నడిరాత్రి ఒత్తిడి తగ్గితే
గోళీలన్నీ ఒకేసారి కిందికి జారతాయి,
పక్కన కునికేవాళ్ళందరూ
ఒకేసారి లేచి నిలబడతారు.
చెంగల్రాయులుకు గీత దిగాల.
రెజీనాకు గోళీ దిగకూడదు.
వాళ్ళ మధ్యలో నా స్ట్రెచరు,
ముందు చక్రం ఒకటి కీచుమంటా.

మునిరత్నమ్మ అందరికన్నా ఆలస్యంగా వస్తుంది.
మార్చురీ ముందర కడగడం ముగించుకుని,
చేతులు మూడుసార్లు తోముకుని,
బన్ను టీలో ముంచుకుంటా అడగతాది.
"తేల్చినారా? తేలితే చెప్పండి.
రేపటికి ఫినాయిలు ఒక డబ్బా రాయాలా, రెండా?"

ఎవురూ మాట్లాడరు.
టీ బంకాయన గ్లాసులు కడిగే చప్పుడు.

తెల్లారుజామున మూడో అంతస్తు మెట్ల మీద
కార్వేటినగరం ఆయమ్మ నన్ను ఆపింది.
"తగ్గతాండాదంట కదా నాయనా, టీవీలో చెప్పినారు.
అయిపోయినట్టేనా?"

పాత మాట నాలిక మీదికొచ్చింది.
ఇంకంతా చదునే.
ఆమె కాళ్ళు చూసినా.
నాలుగు దినాలుగా చెప్పులతోనే పడుకున్న కాళ్ళు.

"గాలిగోపురం వచ్చిందంటాండారు, అక్కా."

ఆమె నా మొహం కాసేపు చూసింది.
మెట్లెక్కిన మనిషే అయ్యుండాల.
"అయితే మోకాళ్ళ మెట్టు ఇంకా ఉండాది," అని
కొంగు నడుముకు దోపుకుని
గోళీ చూసుకోను లోపలికి పోయింది.